ఆకుపచ్చ వైరు

దేవరకొండలో నాకు బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేశాను. మిగతా విద్యంతా కాలిపోయి వచ్చిన మోటార్లు నేర్పిందే. స్టార్టర్ పట్టడం లేదన్నా, ఇంట్లో గోడకు షాక్ కొడుతోందన్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నాకే ఫోను చేస్తారు. అందుకే బామ్మర్ది తన బండి తెచ్చి షాపు ముందు నిలిపి, "బావా, లైటు గుడ్డిగ కొడుతుంది, జర చూడు" అన్నప్పుడు, ఇది ఇంకొకరికి చూపించాల్సిన పనేమో అన్న అనుమానమే నాకు రాలేదు.

ఆ బండికి నేను చేసిన రిపేరు వల్లనే అతను ఒక రాత్రి కల్వర్టు మీంచి కింద పడ్డాడు. కాలర్ బోన్ విరిగింది. ఆ తప్పులు నా ఒక్కడితో ఆగిపోయేవైతే ఇంట్లోవాళ్లకు చెప్పుకుని ఊరుకునేవాణ్ని. కానీ నేను చేసిన పనులే ఇవాళ్టికీ ఎన్నో షాపుల ముందు, ఎన్నో ఇళ్ల వాకిళ్లలో జరుగుతున్నాయి. పెద్ద బల్బు వేయించుకుని, డైరెక్టు వైరు లాగించుకుని సంతోషంగా వెళ్లిపోయే పిల్లలను చూస్తే నాకు భయమేస్తుంది.

అది 2009 మోడల్ వంద సీసీ బండి. రాత్రిపూట లైటు ఎర్రగా, మందంగా పడేది. రేస్ చేస్తే కొంచెం లేచేది, స్లో చేస్తే కూలబడేది. హ్యాండిల్ ఎడమకు తిప్పితే ఒక్కోసారి ఇంకా తగ్గేది. డిప్పర్‌లో ఉన్నప్పుడు కూడా మీటరులో నీలం లైటు, అప్పర్ వేస్తేనే వెలగాల్సింది, సన్నగా కనిపించేది. ఇవన్నీ బామ్మర్ది తనంతట తానే చెప్పాడు. నీలం లైటు మాట రెండోసారి కూడా చెప్పబోయాడు. "మీటరు బల్బు సంగతి తర్వాత చూద్దాంలే, ముందు పెద్ద లైటు కానీ" అన్నాను. అసలు జబ్బు ఎక్కడుందో ఆ చిన్న బల్బు చెబుతూనే ఉంది.

ముందు బల్బు మార్చాను. లైటు కాస్త బాగుపడింది. అతను సంతోషపడ్డాడు, నేనూ పని అయిపోయిందనుకున్నాను. కొన్నాళ్లకు మళ్లీ మొదటికొచ్చింది. ఇక్కడ ఒక మోసం ఉంది, మెకానిక్కులను కూడా ఏళ్ల తరబడి తప్పుదారి పట్టించే మోసం. బల్బు మార్చాలంటే హెడ్‌లైటు డూమ్ విప్పాలి, హోల్డరు లాగాలి, లోపలున్న వైర్లన్నీ కదపాలి. జాయింట్ల మీద పేరుకున్న చిలుము ఆ కదలికకు కొంచెం గీసుకుపోతుంది, కరెంటుకు కాస్త దారి దొరుకుతుంది. వెలుతురు పెరిగింది అందుకే. మనం మాత్రం ఆ మంచి పేరును కొత్త బల్బు ఖాతాలో వేస్తాం. ఏ సామాను మార్చినా మొదటి వారం బాగానే ఉండి తర్వాత మళ్లీ అదే కథ అవుతోందంటే, జబ్బు సామానులో లేదనీ, సామానును కలిపే చోట ఉందనీ అర్థం. అప్పుడు నాకిది తెలియదు.

రెండోసారి తెచ్చినప్పుడు మల్టీమీటర్ పట్టుకున్నాను. బల్బు పీకేసి, హోల్డరులో డీసీ వోల్టేజీ చూశాను. ఏమీ చూపించలేదు. బండికి బ్యాటరీ ఉంది కాబట్టి అంతా డీసీయే అయి ఉంటుందనుకున్నాను మరి. కాసేపు తల పట్టుకుని, తర్వాత ఏసీలో పెట్టి చూస్తే పదమూడు వోల్టులు దాటి వచ్చింది. సప్లై బాగానే ఉందని రాసుకున్నాను. తర్వాత బీప్ పెట్టి ఎర్త్ వైరు చూశాను. మీటరు కుయ్‌మంది. ఎర్తింగూ బాగానే ఉందన్నాను. ఈ రెండు నిర్ణయాలూ తప్పే. రెండూ మీటరు సాక్షిగా తీసుకున్నవే కాబట్టి ఆ తర్వాత నన్ను నేను అనుమానించుకోవడం కూడా మానేశాను.

ఎందుకు తప్పో కొంచెం నిదానంగా చెప్పాలి. ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే.

మా వైపు రైతులు మోటారు కాలిందని తెచ్చినప్పుడు, "రాత్రి వోల్టేజీ చూసినం, నాలుగు వందల పైనే ఉండె" అంటారు. "మోటారు నడుస్తున్నప్పుడు చూశారా, ఆపి చూశారా?" అని అడుగుతాను. లైను చివరున్న బోరు దగ్గర, అందరి మోటార్లూ ఆగి ఉన్న వేళ మీటరు పెడితే వోల్టేజీ నిండుగానే కనిపిస్తుంది. మోటార్లు ఎక్కి కరెంటు లాగడం మొదలైతేనే లైనులో ఎక్కడెక్కడ ఎంత పోతోందో బయటపడుతుంది. లోడు మీద చూడని వోల్టేజీకి విలువ లేదని ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. అదే నేను బల్బు పీకేసి, అంటే లోడు తీసేసి, హోల్డరులో వోల్టేజీ చూసి సప్లై బాగుందన్నాను. డిజిటల్ మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. చిలుము పట్టిన జాయింటు గుండా కూడా ఆ కాస్త కరెంటు హాయిగా వెళ్లిపోతుంది, మీటరు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. బల్బు పెట్టి ఇంజను స్టార్ట్ చేసి చూస్తే అదే హోల్డరులో తొమ్మిదిన్నరకు పడిపోయి ఉండేది. బీప్ సంగతీ అంతే. మామూలు మీటర్లలో చాలావాటికి కొన్ని పదుల ఓముల లోపు ఏ అడ్డు ఉన్నా బీప్ వస్తుంది. బండి లైటును చంపడానికి ఒక్క ఓమ్ చాలు.

ఒక్క ఓమ్‌కు ఇంత రాద్ధాంతమా అని నాలాంటి ఇళ్ల వైరింగ్ మనుషులకు అనిపిస్తుంది. ఇంట్లో అరవై వాట్ల బల్బు 230 వోల్టుల మీద లాగేది పావు ఆంపియరు. దారిలో ఒక ఓమ్ అడ్డు పడితే పోయేది పావు వోల్టు. ఎవరి కంటికీ ఆనదు. బండి బల్బు 35 వాట్లే, కానీ 12 వోల్టుల మీద. అది దాదాపు మూడు ఆంపియర్లు లాగుతుంది. అదే ఒక్క ఓమ్ దగ్గర రెండున్నర వోల్టుల దాకా పోతుంది. ఉన్నవే పన్నెండు, అందులో ఐదో వంతు అక్కడే ఖర్చు. పైగా ఫిలమెంటు బల్బు వెలుతురు వోల్టేజీతో సమానంగా తగ్గదు, దానికంటే ఎన్నో రెట్లు వేగంగా పడిపోతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురులో దాదాపు మూడో వంతు పోతుంది. ఐదో వంతు తగ్గితే సగం కూడా మిగలదు. ఆ పోయిన వోల్టేజీ ఊరికే పోదు, జాయింటులో వేడిగా మారుతుంది. ఆ వేడికి చిలుము ఇంకా ముదురుతుంది, అడ్డు ఇంకా పెరుగుతుంది. హోల్డరు ప్లాస్టిక్కు గోధుమరంగుకు తిరిగి, పెళుసుబారి, ముట్టుకుంటే విరిగేది దీని వల్లనే. 230 వోల్టుల మీద చేయి తిరిగినవాడు 12 వోల్టుల దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి. ఎక్కువ వోల్టేజీ దాచిపెట్టే లోపాలన్నీ తక్కువ వోల్టేజీలో బయటికొస్తాయి.

ఇది తెలియక నేను బ్యాటరీ కొనిపించాను. ఆ తరం వంద సీసీ బళ్లలో చాలావాటికి హెడ్‌లైటుతో బ్యాటరీకి సంబంధమే లేదు. ఇంజను తిరుగుతుంటే మాగ్నెట్ కాయిల్‌లో పుట్టే ఏసీ కరెంటు రెగ్యులేటర్ మీదుగా నేరుగా లైటుకు వెళుతుంది. రేస్ చేస్తే లైటు లేవడం, స్లోలో తగ్గడం ఆ పద్ధతిలో కొంతవరకు మామూలే. బ్యాటరీ ఉన్నది హారన్‌కు, ఇండికేటర్లకు, బ్రేకు లైటుకు. అలాంటి బండికి లైటు కోసం బ్యాటరీ మార్చడమంటే అతని డబ్బు తీసి రోడ్డు మీద పారేయడమే. ఇంజను ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, లైటు స్విచ్ వేసి చూస్తే చాలు, తెలిసిపోయేది. హారన్ మోగి, ఇండికేటర్ కొట్టి, హెడ్‌లైటు మాత్రం వెలగకపోతే అది మాగ్నెట్ లైటు. ఆ పరీక్ష పాత బళ్ల వరకే చెల్లుతుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే కొత్త బళ్లకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది. స్విచ్చే ఉండదు. వాటిలో చాలావాటిలో లైటు బ్యాటరీ మీద నడిచేదైనా సరే, ఇంజను ఆపితే ఆరిపోతుంది.

కొత్త బ్యాటరీతో కూడా లైటు మారకపోయేసరికి పెద్ద బల్బు మీద పడ్డాను. 35 వాట్ల చోట 60/55 వాట్లది. దాని అంచు మా రిఫ్లెక్టర్‌లో సరిగా కూర్చోలేదు. చెవిని ఆకురాయితో అరగదీసి బలవంతాన కూర్చోబెట్టాను. అది ఈ బండిది కాదని ఆ చెవి ఎంత స్పష్టంగా చెబుతోందో ఇప్పుడు తలుచుకుంటే బాధ కలుగుతుంది. ఫిలమెంటు ఉండాల్సిన చోటు నుంచి కొంచెం పక్కకు జరిగినా రిఫ్లెక్టరు వెలుతురును రోడ్డు మీద పెట్టలేదు, చెట్ల మీదికో ఎదుటివాడి కళ్లలోకో కొడుతుంది. మాగ్నెట్ కాయిల్ ఇవ్వగలిగిన కరెంటుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటి లాగే బల్బు పెడితే వోల్టేజీయే కూలిపోతుంది. స్లోలో ఆ పెద్ద బల్బు పాతదానికంటే గుడ్డిగా వెలిగింది. చిలుము పట్టిన జాయింటులో వేడి మాత్రం పెరిగింది.

అప్పుడు చేసిన పనే అన్నిటికంటే పెద్ద తప్పు. మాగ్నెట్ చాలడం లేదు, బ్యాటరీ కొత్తది, దాని మీదే లైటు నడుపుదాం అనుకున్నాను. బ్యాటరీ నుంచి రెండు కొత్త వైర్లు, ప్లస్సూ మైనస్సూ, నేరుగా హెడ్‌లైటు దాకా లాగి మధ్యలో ఒక స్విచ్ పెట్టాను. ఫ్యూజు పెట్టలేదు. సాయంత్రం స్విచ్ వేస్తే బజారు చివరి దాకా తెల్లగా పడింది వెలుతురు. బామ్మర్ది నా భుజం మీద చెయ్యి వేసి, "ఇది లైటు అంటే" అన్నాడు. ఆ వెలుతురు ఎందుకొచ్చిందో నాకు అర్థమైందనే అనుకున్నాను, బ్యాటరీ బలం అనుకున్నాను. కాదు. నేను తెలియకుండానే హోల్డరుకు ఒక కొత్త మైనస్ వైరు ఇచ్చాను, చెడిపోయిన ఎర్త్ జాయింటును తప్పించాను. పాత మాగ్నెట్ లైనుకు, పాత 35 వాట్ల బల్బుకు ఆ ఒక్క మైనస్ వైరు కలిపి వదిలేసి ఉన్నా లైటు బాగైపోయేది.

లెక్క వేసి చూసుకుంటే అక్కడే ఆగిపోయేవాణ్ని. కిక్ కొట్టే ఆ బండి బ్యాటరీ రెండున్నర ఆంపియర్ అవర్లది. 55 వాట్ల ఫిలమెంటు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. కాగితం మీద లెక్కకు అరగంట. ఇంత చిన్న బ్యాటరీ మీద అంత లోడు పెడితే కాగితం లెక్క కూడా నిలవదు, అంతకంటే ముందే పడిపోతుంది. ఛార్జింగ్‌కు వెళ్లే కరెంటు హారన్, ఇండికేటర్ల ఖర్చుకు తగ్గట్టు పెట్టింది, హెడ్‌లైటును మోసేది కాదు. పది హెచ్.పి. మోటారుకు ఎంత కేబులు కావాలో నోటితో చెప్పే నేను, ఈ చిన్న లెక్క వేసుకోలేదు. షాపు ముందు వెలుతురు చూసిన సంతోషంలో అది గుర్తుకే రాలేదు.

మాఘంలో బామ్మర్ది డిండి వైపు ఒక ఊళ్లో పెళ్లికి వెళ్లి రాత్రి తిరిగొస్తున్నాడు. తర్వాత అతను చెప్పిన దాన్ని బట్టి ముందు ఇండికేటరు కొట్టడం ఆగిపోయింది, వేస్తే అలాగే వెలిగి ఉండిపోయింది. హారన్ గొంతు పోయింది. లైటు మెల్లగా ఎర్రబడింది. బ్యాటరీ ఒట్టిపోతోందనడానికి ఇంతకంటే గుర్తులు అక్కర్లేదు, కానీ ఆ గుర్తులు చదవడం నేను అతనికి చెప్పలేదు. లైటు బ్యాటరీ మీదికి మార్చానన్న సంగతి కూడా వివరంగా చెప్పలేదు. ఇంకో సంగతి ఏమిటంటే ఆ బండి ఇగ్నిషన్‌కు బ్యాటరీ అక్కర్లేదు, మాగ్నెట్ మీదే నడుస్తుంది. బ్యాటరీ పూర్తిగా పడిపోయినా ఇంజను ఆగదు. లైటు ఆరిపోయింది, బండి మాత్రం అదే స్పీడుతో పోతూనే ఉంది. ముందు మలుపు, మలుపులో గోడ లేని కల్వర్టు.

ఊళ్లో అందరూ కల్వర్టునే తిట్టారు. గోడ కట్టకుండా వదిలేసినందుకు తిట్టడం న్యాయమే. మా మామయ్య ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఆ రోడ్డు వేసినవాళ్లను తిడుతుంటే నేను పక్కనే ఉన్నాను. కొన్ని రోజులు ఏమీ అనలేదు. యాసంగి దమ్ములు జోరుగా నడుస్తున్న రోజులవి. బామ్మర్ది ట్రాక్టరు డ్రైవరు. ఆ సీజనులో సంపాదించేదే ఇంటికి ఏడాదంతా ఆసరా. చెయ్యి మెడకు కట్టుకుని అతను అరుగు మీద కూర్చుంటే, అతని ట్రాక్టరు మీద ఇంకొకరు దమ్ము కొడుతుంటే చూస్తూ ఉండలేకపోయాను. మామయ్యతో చెప్పాను. లైటు కాయిల్ మీద నుంచి తీసేసి బ్యాటరీ మీద పెట్టింది నేనేననీ, ఆ బ్యాటరీ అంతసేపు ఆగదని లెక్క వేసుకోవాల్సింది నేనేననీ, వేసుకోలేదనీ చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వాడికి కూడా చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆ సీజను డ్రైవరు కూలీ నేను పెట్టుకున్నాను. దాంతో ఏమీ సరిపోదని నాకు తెలుసు. మా ఆవిడ చాలా రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. ఆమె కోపం సబబే.

బండిని ఇక నేను ముట్టుకోలేదు. నల్లగొండలో ఆటోలకు, బళ్లకు వైరింగ్ చేసే ఒక పెద్దాయన ఉన్నాడు, అందరూ చాచా అంటారు. ఆయన దగ్గరికి బండిని ఆటో ట్రాలీలో తీసుకెళ్లాను. నేను మొదలుపెట్టబోతే ఆపి, "లైటు సంగతి తర్వాత. నువ్వు ఏమేం మార్చినవో ముందు చెప్పు" అన్నాడు. చెప్పినవన్నీ విని, నేను వేసిన వైర్లన్నీ పీకించాడు. బల్బు తీసేసి 35 వాట్లది, అంచు సరిగా కూర్చునేది పెట్టించాడు. లైను మునుపటిలాగా మాగ్నెట్‌కు కలిపించాడు. బండి కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా చేశాకే జబ్బు చూస్తానన్నాడు. జబ్బు మీద మన చేతిపనులు పేరుకుంటే ఏది జబ్బో, ఏది మందో తెలియదు గదా.

స్టార్ట్ చేయించాడు. లైటు మళ్లీ ఎర్రగా, మందంగా వచ్చింది. ఆయన లైటు వైపు చూడలేదు, బండి మీటరు మీదికి వంగాడు. "డిప్పర్ల పెట్టు. నీలం లైటు సూడు. డిప్పర్ల ఉంటే అప్పర్ ల్యాంపు ఎందుకు వెలగాలె?"

బల్బులో రెండు ఫిలమెంట్లు, అప్పర్‌కు ఒకటి, డిప్పర్‌కు ఒకటి. రెండింటికీ ఎర్త్ కాలు ఒక్కటే. ఆ కాలుకు వచ్చే వైరు బాగుంటే డిప్పర్ ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటు తిన్నగా ఎర్త్‌లోకి దిగిపోతుంది. అది చెడిపోతే కరెంటుకు తిరిగి వెళ్లే దారి ఇరుకవుతుంది. అందులో కొంత అప్పర్ ఫిలమెంటు గుండా వెనక్కి ఎక్కి, అప్పర్ వైరు పట్టుకుని, మీటరులోని నీలం బల్బు మీదుగా ఎర్త్‌కు చేరుతుంది. ఆ చిన్న బల్బు సన్నగా వెలిగేది అందుకే. అంటే మీటరులో ఆ నీలం వెలుతురు కనిపిస్తే సప్లై వైపు వెతకక్కర్లేదు, బల్బు వద్ద ఎర్త్ చూడాలి. ఇదంతా ఆయన నాలాగా వివరించలేదు. "వాపస్ పోనీకి తొవ్వ లేదు, గందుకే పక్కింట్ల నుంచి పోతుంది" అన్నాడు. అంతే.

తర్వాత గోడకు తగిలించిన ఒక వైరు తీశాడు. రెండు గజాలు ఉంటుంది, రెండు కొసలకూ క్రొకడైల్ క్లిప్పులు. ఒక క్లిప్పు బల్బు ఎర్త్ కాలుకు తగిలించాడు. రెండోది ఇంజను మీద, బోల్టు దగ్గర పెయింటు లేని చోట ఆనించాడు. లైటు ఒక్కసారిగా తెల్లబడింది, నీలం బల్బు ఆరిపోయింది. క్లిప్పు తీశాడు, మళ్లీ ఎర్రబడింది. పెట్టాడు, తెల్లబడింది. మీటరు లేదు, లెక్క లేదు. నేను చేసిన రిపేర్లన్నిటికీ కలిపి ఇంత నిక్కమైన పరీక్ష ఒక్కటీ లేదు.

డూమ్ లోపల ఆకుపచ్చ వైరు పట్టుకుని వెనక్కి వెళితే బుల్లెట్ కనెక్టరు దొరికింది. హోండా పద్ధతి వైరింగ్ ఉన్న బళ్లలో ఎర్త్‌కు ఆకుపచ్చే వాడతారు. రబ్బరు తొడుగు వెనక్కి లాగితే లోపల ఇత్తడి కనిపించలేదు, తెల్లగా, పచ్చగా పొడి. తొడుగు కొసన తడి. వారం వారం ప్రెషర్ పెట్టి వాటర్ సర్వీసింగ్ చేయించడం బామ్మర్దికి అలవాటు. ఆ నీళ్లు డూమ్‌లోకి వెళ్లి అక్కడే నిలుస్తున్నాయి. హ్యాండిల్ తిప్పినప్పుడు ఆ వైరు మెడ దగ్గర లాగుతోంది కూడా, ఎడమకు తిప్పితే లైటు తగ్గేది అందుకే. చాచా ఆ కనెక్టరు కోసేసి, కొత్తది గట్టిగా క్రింప్ చేసి, కొంచెం వాజెలిన్ రాసి, తొడుగు ఎక్కించి, వైరుకు కాస్త వదులు ఇచ్చి కట్టాడు. ఖర్చు చెబితే నమ్మరు.

ఆ క్లిప్పుల వైరు ఇప్పుడు నా షాపులో కూడా ఉంది. బళ్ల పని నేను చేయను. ఎవరైనా లైటు మందమని వస్తే ఈ ఒక్క పరీక్ష చేసి, ఏం కనిపించిందో కాగితం మీద రాసి మెకానిక్కు దగ్గరికి పంపిస్తాను. ఎర్త్ కాలు దగ్గర క్లిప్పు పెట్టినా మార్పు రాకపోతే సప్లై వైపు చూడాలి. అక్కడ కూడా బల్బు పెట్టి, ఇంజను నడుస్తూ, లైటు వెలుగుతూ ఉండగానే కొలవాలి. రెగ్యులేటరు కాళ్ల దగ్గర ఎంత వస్తోంది, బల్బు దగ్గర ఎంత వస్తోంది, రెండింటికీ తేడా ఎంత. అర వోల్టు దాటితే మధ్యలో డిప్పర్ స్విచ్, కప్లర్లు, హోల్డరు ఒక్కొక్కటిగా పట్టుకోవాలి. డిప్పర్ స్విచ్ కాంటాక్టులు నల్లబడటం చాలా మామూలు. స్విచ్‌ను అటూ ఇటూ వేగంగా ఆడిస్తే లైటు బాగవుతోందంటే జబ్బు అక్కడే. మాగ్నెట్ లైట్ల ఏసీని రెగ్యులేటరు మధ్యలో కోసేస్తుంది కాబట్టి చవక మీటర్లలో అంకె అంత కచ్చితంగా రాదు. అంకెను నమ్మకండి, రెండు చోట్ల అంకెల మధ్య తేడాను నమ్మండి.

బ్యాటరీ మీద నడిచే లైటు అయితే దారి వేరు. రాత్రంతా ఆపి ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజను కొంచెం రేస్ చేసి చూస్తే పదమూడున్నర, పద్నాలుగున్నర మధ్య రావాలి. పదిహేను దాటుతోందంటే రెగ్యులేటరు చెడింది. బల్బులు మాటిమాటికీ మాడిపోతున్నాయని వచ్చేవాళ్లకు ముందు చూడాల్సింది ఇదే. వోల్టేజీ ఇరవయ్యో వంతు పెరిగితే చాలు, ఫిలమెంటు ఆయుష్షు సగానికి పడిపోతుంది. అది చూడకుండా బల్బుల మీద బల్బులు వేస్తూ పోతే దుకాణంవాడికే లాభం. హాలోజన్ బల్బు గాజును ఉత్త వేళ్లతో ముట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి తొందరగా పోతుంది.

పాత బళ్లకు ఎల్‌ఈడీ బల్బులు పెట్టించుకోమనే సలహా ఇప్పుడు ఎక్కువైంది. మాగ్నెట్ ఏసీ మీద వాటిలో చాలావాటికి వణుకు వస్తుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఫిలమెంటు కోసం చేసిన రిఫ్లెక్టరులో అవి వెలుతురును చిందరవందరగా చల్లుతాయి. నడిపేవాడికి తెల్లగా, గొప్పగా కనిపిస్తుంది. ఎదురుగా సైకిలు మీద వచ్చే ముసలాయనకు మాత్రం రోడ్డే కనిపించదు. నేనైతే వద్దనే చెబుతాను. అంతకంటే ముందు బండి లైటు గ్లాసు లోపల తుడిచి చూడండి, పసుపుబారిన గ్లాసు మార్చి చూడండి, ఎర్త్ చూడండి. 35 వాట్ల బల్బుకు పూర్తి వోల్టేజీ అందితే మన ఊళ్ల రోడ్ల మీద మామూలు స్పీడుకు చాలినంత వెలుతురు ఇస్తుంది.

లైటు బాగయ్యాక చాలామంది వదిలేసే పని ఒకటుంది, అది గురి పెట్టడం. డూమ్ ఒకసారి విప్పామంటే అది మళ్లీ మునుపటి కోణంలో బిగుసుకోదు. చీకటి పడ్డాక బండిని గోడకు ఎదురుగా కొన్ని గజాల దూరంలో నిలబెట్టి, స్టాండు మీద కాకుండా మనిషిని సీటు మీద కూర్చోబెట్టి, డిప్పర్ వేయాలి. వెలుతురు పై అంచు హెడ్‌లైటు నడుమ ఎత్తు కంటే కాస్త కిందికి పడేలా డూమ్‌ను వంచాలి. వెనక ఎప్పుడూ ఇంకొకరు కూర్చునే బండి అయితే ఇద్దరినీ కూర్చోబెట్టే చూడాలి, వెనక బరువుకు ముందు లైటు లేస్తుంది. అంచు సరిపోయాక బోల్టులు బిగించి మరోసారి గోడ మీద చూసుకోవాలి. బిగించేటప్పుడు డూమ్ ఎంతో కొంత కదలకుండా ఉండదు.